ఎన్‌వీడీఏ బీప్‌లు: ఏళ్ల తరబడి వాడాక నా మాట

నాకు చూపు లేదు. పని పైథాన్ కోడ్ రాయడం. స్క్రీన్ రీడర్‌గా మొదటి నుంచీ ఎన్‌వీడీఏనే. ఆస్ట్రేలియాలో 2006లో మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. తెరమీది మాటలు ఎలా చదువుతుందో చాలామంది రాశారు కాబట్టి, దాని బీప్‌ల సంగతి చెప్తాను.

పైథాన్‌లో లైను ముందుండే ఖాళీయే ప్రాణం. రిటర్న్ (ఫలితం ఇచ్చి ముగించే ఆదేశం) లూప్ (మళ్లీ మళ్లీ నడిచే భాగం) లోపలుందో బయటుందో తేల్చేది ఆ స్పేసులే. మొదట్లో "ఫోర్ స్పేస్", "ట్వెల్వ్ స్పేస్" అని చెప్పించుకునేవాణ్ణి. అసలు లైను వినేలోపే తల వాచిపోయేది. తర్వాత సెట్టింగ్స్‌లో, డాక్యుమెంట్ ఫార్మాటింగ్ కింద, లైన్ ఇండెంటేషన్‌కి (అంటే ఆ ముందు ఖాళీకి) మాటల బదులు టోన్స్, అంటే బీప్‌లు, పెట్టుకున్నాను. ఇప్పుడు కింది బాణం నొక్కితే రెప్పపాటు బీప్, వెంటనే లైను. ఖాళీ మారకపోతే బీప్ ఉండదు.

ఒక్కో స్పేసుకి పావు టోన్ (పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరంలో సగం) చొప్పున శ్రుతి పెరుగుతుంది. ఎడమ అంచుని షడ్జమం అనుకోండి. నాలుగు స్పేసులకి చతుశ్రుతి రిషభం, ఎనిమిదికి అంతర గాంధారం, పన్నెండుకి ప్రతి మధ్యమం. డెఫ్, ఫర్ (ఇదే లూప్), ఇఫ్, రిటర్న్ అనే పైథాన్ ఆదేశాలు ఒకదాని లోపల ఒకటి వస్తే సరిగమ, అదీ కల్యాణిలో! మధ్యమం రావాల్సిన రిటర్న్‌కి రిషభం పలికిందంటే అది లూప్ దాటి బయటపడిందన్నమాట. ఇది తెలియడానికి లెక్కపెట్టక్కర్లేదు.

రెండేసి స్పేసులతో రాసే జావాస్క్రిప్ట్ ఫైళ్లలో మాత్రం ఇబ్బందే. స్వరాల మధ్య తేడా సగమైపోతుంది, అలిసిన సాయంత్రాల్లో చెవికి ఆనదు. ఫోన్ మాట్లాడి వచ్చి ఎక్కడున్నానో తెలుసుకోవాలన్నా ఖాళీ మారే లైను దాకా పైకెళ్లి దిగాల్సిందే.

ప్రోగ్రెస్ బార్ బీప్‌లు ఇంకో సుఖం. ప్రతి 25 శాతానికి శ్రుతి ఒక స్థాయి (ఆక్టేవ్) ఎక్కుతుంది. ఇన్‌స్టాల్ అవుతుంటే టీ పెట్టుకుంటూ వినొచ్చు, ఆగిపోతే ఇట్టే తెలుస్తుంది. అరవయ్యా, అరవై అయిదా అంటే చెవి చెప్పలేదు, అంకె చదివించుకోవాలి. ఆఫీసు కాల్‌లో ఉన్నప్పుడు ఆపేసుకోండి, లేకపోతే మేనేజర్ మాట మీద బీప్ పడుతుంది. మౌస్ ఎక్కడుందో చెప్పే బీప్‌లూ ఉన్నాయి గానీ, నేను మౌస్ ముట్టుకోను.

ఎన్‌వీడీఏ గ్రాఫులు వినిపిస్తుందని మాత్రం ఆశపడకండి. వాటికి ఐఫోన్‌లో 2021లో వచ్చిన, గ్రాఫుని స్వరాలుగా వినిపించే ఆడియో గ్రాఫ్స్ నయం. కోడ్ రాసేవాళ్లయితే టోన్స్‌కి ఓ నెల చెవి అలవాటు కానివ్వండి.