రాకెట్ శకలాలపై నిఘా: రాడార్ మేలా, టెలిస్కోపా, లేజరా?

“టెలిస్కోపుతో గెలాక్సీలే చూస్తున్నారు కదా, నెత్తిమీద తిరిగే రాకెట్ ముక్కకి రాడార్ ఎందుకండీ?” అని ఎవరో ఒకరు అడగని నెల లేదు.

ప్రశ్నలో న్యాయముంది. టెలిస్కోపుకు వెలుగు సూర్యుడే ఇస్తాడు. ముక్క మీద పడిన ఎండ మనదాకా వచ్చే దారిలో పలచబడుతుంది, అంతే: దూరం రెట్టింపైతే నాలుగో వంతు. రాడార్‌ది పోనూ రానూ ఛార్జీ. తరంగాన్ని తనే పంపాలి, ప్రతిధ్వనిని తనే ఏరుకోవాలి. దూరం రెట్టింపైతే అందేది పదహారో వంతే. శ్రీహరికోటలోని ఇస్రో రాడార్ ‘ఎంఓటీఆర్’ 800 కి.మీ. దూరంలో 30 సెం.మీ. వస్తువును పట్టగలదు, 1000 కి.మీ.కి వెళ్లేసరికి ఆ వస్తువు 50 సెం.మీ. ఉండాలి. 36 వేల కి.మీ. ఎత్తులోని భూస్థిర కక్ష్యలో టెలిస్కోపుదే రాజ్యం కావడానికి ఇదే కారణం.

2 వేల కి.మీ. లోపు కథ వేరు. టెలిస్కోపుకు కింద చీకటి, పైన ఎండ, మధ్యలో మబ్బుల్లేని ఆకాశం, మూడూ ఒకేసారి కుదరాలి. ఎక్కువగా సంధ్యవేళల్లోనే కుదురుతాయి. నడిరాత్రికి ముక్క కూడా భూమి నీడలోకి జారుకుంటుంది.

నన్నడిగితే తేల్చేది ఒక్కటే: మళ్లీ ఎప్పుడు చూస్తాం? వేగం అంచనాలో సెకనుకు ఒక్క సెంటీమీటరు తప్పినా, రోజు తిరిగేసరికి ముక్క మనం అనుకున్న చోటికి రెండున్నర కి.మీ. ముందో వెనకో ఉంటుంది. పైగా సూర్యుడు చెలరేగినప్పుడు పైవాతావరణం ఉబ్బుతుంది. దొర్లే ఖాళీ ట్యాంకుకూ బరువైన ఇంజను తునకకూ గాలి రాపిడి ఒకేలా ఉండదు. నిన్నటి కొలత ఎంత నాణ్యమైనదైనా ఎల్లుండికి పాసిపోతుంది. ఎండా వానా చూడకుండా, రాత్రీ పగలూ కాపలా కాసేది రాడార్ మాత్రమే.

రాకెట్ పేలినప్పుడైతే మరీను. 2024 ఆగస్టులో చైనా లాంగ్ మార్చ్ 6ఎ పైదశ వందల ముక్కలైంది. ఏ ముక్క ఎటు పోయిందో ఎవరి దగ్గరా జాబితా ఉండదు. అప్పుడు పసిఫిక్‌లోని క్వాజలీన్ దీవిలో 2020 నుంచి పనిచేస్తున్న అమెరికా రాడార్ స్పేస్ ఫెన్స్ లాంటిది కావాలి. ఆకాశానికి అడ్డంగా తరంగాల కంచె కట్టి, దాటినదాన్నల్లా లెక్క రాసుకుంటుంది.

లేజర్‌కు అది చేతకాదు. కిరణం సన్నం, ముక్క ఎక్కడుందో ముందే తెలియాలి. తెలిస్తే మాత్రం దాన్ని మించింది లేదు. ఆస్ట్రియాలోని గ్రాట్జ్ కేంద్రం పాత రాకెట్ దశల దూరాన్ని మీటరు అటూఇటుగా కొలిచింది, 2020లో పట్టపగలు కూడా కొలిచి చూపించింది. ఒక ముక్క ఉపగ్రహాన్ని గుద్దుతుందా, పక్కనుంచి పోతుందా అన్న సందేహం తీర్చడానికి లేజర్‌నే పిలవాలి.

కక్ష్యలో కెమెరాల గురించీ అడుగుతుంటారు. మబ్బుల బెడద ఉండదు, బాగానే ఉంటుంది.

ఒక రాకెట్ దశ ఎన్ని సెకన్లకోసారి దొర్లుతోందో దాని మినుకుల్ని బట్టి చవగ్గా చెప్పేది టెలిస్కోపే, ఒప్పుకుంటాను. అయినా ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు రాడార్‌కే. సొంత రాడార్ లేనివాళ్లకూ దారుంది: ఫ్రాన్స్‌లోని గ్రేవ్స్ రాడార్ 143.05 మెగాహెర్ట్జ్ మీద పంపే తరంగాల ప్రతిధ్వనిని ఐరోపాలో ఔత్సాహికులు చిన్న యాంటెనాతో పట్టి వింటుంటారు. అంతరిక్ష కేంద్రం దాటుతుంటే శ్రుతి దిగిపోతూ ఈల వేసినట్టుంటుంది.