వాగ్దాన కార్డా, ప్రవచనమా, రోజూ చదివే వాక్యమా: దేవుని స్వరాన్ని గుర్తుపట్టడానికి ఏది మేలు?

డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిసే వేళకు మా చర్చిలో పాస్టరుగారు స్టీలు పళ్లెంలో వాగ్దాన కార్డులు, అంటే కొత్త ఏడాదికి దేవుని మాటగా తీసుకునే బైబిలు వచనం అచ్చు వేసిన చిన్న కార్డులు, బోర్లించి పట్టుకుంటారు. వరుసలో వెళ్లి తలా ఒకటి తీసుకుంటాం. ఆ ఏడు నాకొచ్చిన కార్డు మీద "ఇదిగో నేను నీకు తోడైయుండి, నీవు వెళ్లు ప్రతి స్థలమందు నిన్ను కాపాడుచు" అని ఉంది. తర్వాత మూడు చుక్కలు. అప్పటికి గల్ఫ్ ఉద్యోగం కోసం మూడు నెలలుగా ప్రార్థన చేస్తున్నాను. 'నీవు వెళ్లు' అన్న రెండు మాటలే నా కంటికి ఆనాయి. వెళ్లమని దేవుడే చెప్పాడనుకుని జనవరి మొదటి వారంలోనే ఏజెంటుకు అడ్వాన్సు కట్టేశాను. వీసా రాలేదు. డబ్బూ తిరిగి రాలేదు.

మామ్మ తిట్టలేదు. తన బైబిల్లో ఆదికాండం 28:15 తీసి ముందు పెట్టి, "ఇప్పుడు మొత్తం చదువు నాన్నా" అంది. కార్డు ఆగిన చోట వచనం ఆగలేదు: "ఈ దేశమునకు నిన్ను మరల రప్పించెదను" అని ఉంది. అన్నకు భయపడి పారిపోతూ, రాయి తలగడగా పెట్టుకుని పడుకున్న యాకోబుకు దేవుడిచ్చిన మాట అది. అక్కడ 'వెళ్లు' అంటే 'నువ్వు వెళ్లే' అని అర్థం, ఆజ్ఞ కాదు. ఆయన మాటను నాకు కావలసిన దగ్గర తుంచుకుని, తర్వాత ఆయన మీదే అలిగాను.

అందుకే ఏది మేలని అడిగితే నా జవాబు ముందే చెప్పేస్తాను. రోజూ వరుసగా చదివే వాక్యమే మేలు. మిగతావన్నీ దాని ముందు పెట్టి చూసుకోవలసినవే.

అలాగని కార్డును తీసిపారేయను. జర్మనీలోని హెర్న్‌హూట్‌లో మొరేవియన్ అనే క్రైస్తవ శాఖ విశ్వాసులు 1728లోనే రోజుకొక వచనం పంచుకోవడం మొదలుపెట్టారు. 1731 నుంచి ఏడాది మొత్తానికీ పుస్తకంగా అచ్చు వేస్తున్నారు. పాత నిబంధన వచనాలను ఇప్పటికీ చీటీ తీసినట్టే ఎంచుతారు. అనుకోకుండా కంటబడిన వచనంలో దేవుడు మాట్లాడడు అని నేననను. 1939 జూన్‌లో డీట్రిక్ బోన్‌హోఫర్ అనే జర్మన్ పాస్టరు న్యూయార్క్‌లో ఉన్నారు. యుద్ధం ముంచుకొస్తోంది, అమెరికాలోనే ఉండిపొమ్మని అక్కడి స్నేహితులు బతిమాలుతున్నారు. జూన్ 26న "శీతకాలము రాకమునుపు నీవు వచ్చుటకు ప్రయత్నము చేయుము" అని పౌలు తిమోతికి రాసిన మాట ఆయన చదివారు. అది తనకే చెప్పినట్టు తీసుకున్నారు. జూలైలో ఓడెక్కి జర్మనీ వెళ్లిపోయారు. 1945 ఏప్రిల్ 9న నాజీలు ఆయన్ని ఉరితీశారు. నా కార్డుకూ ఆయన వచనానికీ ఎంత దూరమో చూడండి. ఆయన ఎన్నో రోజులు ఆ ప్రశ్నతో పెనుగులాడారు, ఉండనని అప్పటికే చెప్పేశారు కూడా. ఆ వచనం ఆయన్ని సుఖం వైపు తోయలేదు.

ఇక ప్రవచనం, అంటే దేవుడు చెప్పమన్నాడంటూ ఒకరు మనకు చెప్పే మాట. "బ్రదర్, ఈ ఏడు నీకు ఇల్లు ఇస్తున్నాడు ప్రభువు" అని తల మీద చెయ్యి పెట్టి చెబితే ఎవరికి చేదు? యిర్మీయా 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో బబులోను కాడి, అంటే ఆ రాజ్యం కింది దాస్యం, విరిగిపోతుందని దేవాలయంలో అందరి ఎదుటా చెప్పాడు. యిర్మీయా ఆమేన్ అన్నాడు, అలాగే జరగాలని ఆయనకూ ఆశే. కానీ దేవుడు చెప్పింది డెబ్బై ఏళ్లు. హనన్యా ఆ ఏడాదే చనిపోయాడు. మన కార్డుల మీద తరచూ కనిపించే "సమాధానకరమైన ఉద్దేశములేగాని" అన్న మాట ఆ తర్వాతి అధ్యాయంలోని 11వ వచనం. దాని పైనే, 10వ వచనంలో, ఆ డెబ్బై ఏళ్లు ఉన్నాయి. 10 లేని 11 చేతిలో పట్టుకుంటే మనం కూడా హనన్యా మాటే వింటున్నట్టు. ప్రవచించుటను నిర్లక్ష్యం చేయవద్దని, అన్నిటినీ పరీక్షించమని పౌలు థెస్సలొనీక వాళ్లకు ఒకే చోట రాశాడు. మనలో చాలామందిమి మొదటిదే పాటిస్తున్నాం.

"ప్రార్థన చేశాను, మనసులో సమాధానం (నెమ్మది) వచ్చింది, తలుపు కూడా తెరుచుకుంది" అన్నది మనందరి నోట్లో ఉన్న మాట. నాకు అన్నిటికంటే భయం వేసేది దీనితోనే. దేవుని నుంచి పారిపోతున్న యోనాకు యొప్పేలో ఓడ సిద్ధంగా దొరికింది. టిక్కెట్టుకు డబ్బులూ ఉన్నాయి. తుపానులో సైతం గాఢంగా నిద్రపోయాడు. తండ్రి చిత్తానికి తల వంచిన యేసుకేమో గెత్సేమనేలో చెమట రక్తబిందువుల్లా కారింది. నిద్ర పట్టడమే గుర్తయితే యోనాయే సరైన దారిలో ఉన్నట్టు.

పెద్దల సలహా మాత్రం మేలే. రాత్రి తనను పేరుపెట్టి పిలుస్తున్నది దేవుడని బాలుడైన సమూయేలుకు కూడా మూడుసార్లు యాజకుడైన ఏలీ దగ్గరికి పరుగెత్తాకే తెలిసింది.

మామ్మ బైబిల్లో ప్రతి అధ్యాయం పక్కన పెన్సిలుతో తేదీలు ఉండేవి, కొన్నిచోట్ల నాలుగైదు. తెల్లవారుజామున ఒక అధ్యాయం, అంతే. నచ్చినది ఏరుకునేది కాదు. వరుసగా చదివితే మనకు అక్కర్లేదనిపించే మాట కూడా ఎదురవుతుంది. ఆ స్వరం నాది కాదని నేను గుర్తుపట్టేది అక్కడే.

స్థలం హద్దు గొడవతో తమ్ముడితో ఏడాదిన్నర మాటల్లేవు. దాని గురించి నేను ప్రార్థన చేయలేదు, ఏ సూచనా అడగలేదు. మత్తయి వరుసగా చదువుతుంటే ఒక ఆదివారం పొద్దున ఐదో అధ్యాయం వచ్చింది. బలిపీఠం దగ్గరే అర్పణ విడిచిపెట్టి, "మొదట వెళ్లి నీ సహోదరునితో సమాధానపడుము" అని ఉంది. ఏ వాగ్దాన కార్డు మీదా ఈ వచనం నేను చూడలేదు. ఇక్కడ మాత్రం 'వెళ్లి' అన్నది ఆజ్ఞే. ఎటు తిప్పి చదివినా వేరే అర్థం రాలేదు.

చర్చికి బయల్దేరేముందు ఫోన్ చేశాను. మూడో రింగుకు ఎత్తాడు.

"ఏంటన్నయ్యా, ఇంత పొద్దున్నే?" అన్నాడు.