డబ్ల్యు అండ్ ఓడీ ట్రైల్: వంద అడుగుల వెడల్పు, 45 మైళ్ల పొడవు ఉన్న పార్కుపై సమీక్ష

ఉత్తర వర్జీనియాలో యాష్‌బర్న్, స్టెర్లింగ్, హెర్న్‌డన్ ప్రాంతాల్లో ఉంటున్న తెలుగు కుటుంబాల్లో డబ్ల్యు అండ్ ఓడీ ట్రైల్ పేరు తెలియనివారు తక్కువ. వేసవిలో ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు పొద్దుటి నడక ఇక్కడే, పిల్లలు సైకిలుకు పక్క చక్రాలు తీసేసేదీ ఇక్కడే. అయినా దాని గురించి మనవాళ్ల మధ్య నడిచే మాట మాత్రం ‘బాగుంటుంది, వెళ్లి రండి’ దగ్గరే ఆగిపోతుంది. అది ఎందుకు బాగుంటుందో, ఎక్కడ ఒళ్లు దగ్గర పెట్టుకుని నడవాలో, నిర్వహణలో ఏది మెచ్చుకోదగినదో, ఏది ఇంకా సరికావలసి ఉందో కొంచెం వివరంగా చెప్పాలన్నది ఈ సమీక్ష ఉద్దేశం.

పూర్తి పేరు వాషింగ్టన్ అండ్ ఓల్డ్ డొమీనియన్ రైల్‌రోడ్ రీజినల్ పార్క్. ఆర్లింగ్‌టన్‌లోని షర్లింగ్‌టన్ దగ్గర మొదలై ఫాల్స్ చర్చ్, వియెన్నా, రెస్టన్, హెర్న్‌డన్, స్టెర్లింగ్, యాష్‌బర్న్, లీస్‌బర్గ్ మీదుగా పర్సెల్‌విల్ వరకు 45 మైళ్లు, అంటే దాదాపు 72 కిలోమీటర్లు సాగే తారు దారి ఇది. వియెన్నా నుంచి పర్సెల్‌విల్ వరకు దీని పక్కనే గుర్రాల కోసం 32 మైళ్ల కంకర దారి కూడా ఉంది. ప్రవేశ రుసుము లేదు.

ఈ దారికి ఉన్న సుగుణాల్లో సగం ఎవరూ ట్రైల్ అన్న ఆలోచనే చేయని రోజుల నుంచి వచ్చినవి. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో అలెగ్జాండ్రియా వర్తకులు పడమటి కొండల అవతల ఉన్న బొగ్గును తమ రేవుకు తెచ్చుకోవాలని, ఇప్పుడు ట్రైల్ ఉన్నచోట ఒక రైలు మార్గాన్ని తలపెట్టారు. పట్టాలు 1860లో లీస్‌బర్గ్ దాకా వచ్చాయి, మరుసటి ఏడాదే అంతర్యుద్ధం మొదలైంది. తరవాత మార్గాన్ని ఇంకా పడమటికి పొడిగించినా బొగ్గు గనులను మాత్రం అది ఎన్నడూ చేరుకోలేదు. ప్రయాణికుల బండ్లు 1951లో ఆగిపోయాయి, 1968లో మార్గమే మూతపడింది. ఆ స్థలం విద్యుత్ సంస్థ చేతికి వెళ్లింది. ఫాల్స్ చర్చ్‌లో 1974లో ఒక చిన్న భాగాన్ని నమూనాగా తెరిచి చూశాక ప్రాంతీయ పార్కుల సంస్థ 1978 నుంచి దఫదఫాలుగా ఆ భూమిని కొనుగోలు చేసింది. పర్సెల్‌విల్ దాకా దారి పూర్తయ్యేసరికి 1988 వచ్చింది.

ఈ చరిత్ర చెప్పడానికి కారణం ఉంది. నడకదారి ఎలా ఉండాలో గీసి చూపించడం పెద్ద పనేమీ కాదు, దానికి ముక్కలు కాని స్థలం దొరకడమే కష్టం. ఇక్కడ సుమారు వంద అడుగుల వెడల్పున్న పట్టీ ఊళ్ల మధ్య నుంచి ఎక్కడా తెగకుండా దొరికింది. ఇళ్ల స్థలాలుగా విడగొట్టి అమ్మేసి ఉంటే దాన్ని తిరిగి కూర్చడం ఈనాడు ఏ ప్రభుత్వానికీ సాధ్యమయ్యే పని కాదు. రైలుబండి నిటారు ఎత్తులు ఎక్కలేదు కనుక ఆనాటి ఇంజనీర్లు మిట్టలను తవ్వి, పల్లాలకు కట్టలు పోసి వాలును నెమ్మది చేశారు. ఇవాళ మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఆయాసం లేకుండా రెండు మైళ్లు నడవగలుగుతున్నారంటే అది ఆ చలవే. లీస్‌బర్గ్ దాటాక క్లార్క్స్ గ్యాప్ వైపు మాత్రం మైళ్ల తరబడి ఎక్కుడు ఉంటుంది. అది కూడా సైకిలు దిగి తోసుకెళ్లాల్సినంత ఎత్తు కాదు, తొడలకు తెలిసేంత ఎత్తు.

రైలు స్టేషన్లు ఊరి నడిబొడ్డున ఉండేవి కాబట్టి ట్రైల్ కూడా ఊరి నడిబొడ్డునే తాకుతుంది. వియెన్నాలో పాత ఎర్ర రైలు పెట్టె, హెర్న్‌డన్‌లో మ్యూజియంగా మారిన స్టేషను దారికి ఆనుకునే ఉంటాయి. కాఫీ తాగాలన్నా, గ్రంథాలయానికి వెళ్లాలన్నా, మెట్రో ఎక్కాలన్నా దారి నుంచి కొద్ది దూరమే. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌ను చూసినవారికి ఈ తేడా వెంటనే అర్థమవుతుంది. ఎండకూ వానకూ సోలార్ పలకల పైకప్పు ఉండటం ఆ ట్రాక్‌కున్న గొప్ప వసతి, యాష్‌బర్న్ ఎండలో నడిచేటప్పుడు అది గుర్తుకు రాక మానదు. కానీ అది వేగ రహదారి వెంట సాగుతుంది, ఇది బడులూ అంగళ్లూ ఇళ్లూ ఉన్నచోట సాగుతుంది. వ్యాయామానికి రెండూ పనికివస్తాయి, రోజువారీ పనుల మీద వెళ్లడానికి మాత్రం రెండోదే పనికివస్తుంది. మన దగ్గర ఇలాంటి తెగని పట్టీ ఎక్కడుందని ఎవరైనా అడిగితే గోదావరి, కృష్ణా డెల్టాల కాలువ గట్లే నాకు ముందు గుర్తొస్తాయి. అది వేరే చర్చ.

ఇక నిర్వహణ. ట్రైల్ మూడు కౌంటీల గుండా, అనేక పట్టణాల గుండా వెళ్లినా యాజమాన్యం ఒక్కటే. ఆర్లింగ్‌టన్, ఫెయిర్‌ఫాక్స్, లౌడన్ కౌంటీలు, అలెగ్జాండ్రియా, ఫాల్స్ చర్చ్, ఫెయిర్‌ఫాక్స్ నగరాలు కలిసి నడిపే నోవా పార్క్స్ దీన్ని చూసుకుంటుంది. 1959లో ఏర్పడిన ఉమ్మడి సంస్థ ఇది, పైన చెప్పిన ప్రాంతీయ పార్కుల సంస్థ ఇదే. పురపాలక సంఘం హద్దు మారగానే రోడ్డు రూపమే మారిపోవడం చూసి అలవాటుపడిన మనకు దీని విలువ త్వరగానే అర్థమవుతుంది. దారి అంచున గడ్డిని మోకాలెత్తు పెరగనివ్వరు. తారుకు ఇరువైపులా రెండేసి అడుగుల స్థలాన్ని చదునుగా, అడ్డంకులు లేకుండా ఉంచడం ట్రైల్ నిర్మాణంలో కనీస సూత్రం. ఎదురుగా సైకిలు వచ్చినప్పుడు పక్కకు తప్పుకునే మనిషి పాదం పడేది అక్కడే కనుక అది గడ్డి కోతకు మించిన విషయం. చెట్ల వేళ్లు తారును ఎత్తి గట్టుకట్టిన చోట చుట్టూ రంగు గీసి ఉండటం చూడవచ్చు. మరమ్మతు వంతు వచ్చేదాకా అది హెచ్చరిక. మబ్బు పట్టిన సాయంత్రం పూట ఆ గీత కనిపించదు కాబట్టి సన్నని టైర్ల సైకిళ్లవాళ్లు దాన్నే నమ్ముకోకూడదు. వీటికి తోడు ట్రైల్ మీద తిరుగుతూ టైరు పంక్చరైనవారికీ దారి తెలియనివారికీ సాయపడే స్వచ్ఛంద గస్తీ దళం కూడా ఉంది.

అందరూ చూసి ముందుకు సాగిపోయే వస్తువు ఒకటుంది. అది ప్రతి అర మైలుకూ పాతిన మైలు గుర్తు. ఎవరికైనా గుండె నొప్పి వచ్చినా, కిందపడి చెయ్యి విరిగినా 911కు ఫోను చేసి ఎక్కడున్నామని చెప్పాలి? చుట్టూ చెట్లు తప్ప వీధి పేరు ఉండదు. దాటి వచ్చిన గుర్తు మీది అంకె చెబితే సరిపోతుంది. తల్లిదండ్రులను ఒంటరిగా నడకకు పంపేవారు వాళ్లకు ఇంటి చిరునామాతో పాటు ఈ అంకె చదివి చెప్పడం కూడా నేర్పాలి. మా అత్తగారు ఇప్పుడు ఎక్కడిదాకా వెళ్లారో చెప్పడానికి కూడా ఆ అంకెనే వాడుతున్నారు.

మెచ్చుకోలు ఇక్కడితో ఆపి, అసలు భయపడవలసిన చోటికి వద్దాం. ఈ ట్రైల్ మీద ప్రమాదం ప్రధానంగా వాహనాల రోడ్లను దాటే చోట్లే ఉంది. రైలు వచ్చేటప్పుడు రోడ్డు మీది బండ్లు ఆగేవి. పట్టాల చోట తారు దారి వచ్చాక నడిచేవాళ్లూ సైకిళ్లవాళ్లే ఆగవలసి వస్తోంది. చాలా క్రాసింగుల దగ్గర ట్రైల్ వైపే ఆగమనే గుర్తు ఉంటుంది, రోడ్డు వైపు చారల గుర్తు ఉంటుంది. కారువారు మర్యాదకు ఆగి చెయ్యి ఊపుతారు, సైకిలువారు తమకు ఆగమనే గుర్తు ఉంది కదా అని ఆగే ఉంటారు, ఇద్దరూ ఒకేసారి కదులుతారు. రెండేసి వరుసల రోడ్డయితే ముప్పు ఇంకా ఎక్కువ. మొదటి వరుసలో ఆగిన పెద్ద వాహనం రెండో వరుసను పూర్తిగా కప్పేస్తుంది, ఆ వరుసలో వచ్చే కారుకు దాటుతున్న మనిషి ఆఖరి క్షణం దాకా కనబడడు. మొదటి కారు ఆగింది కదా అని తలవంచుకుని నడిచేయకుండా, ఆ కారు ముందు అంచు దగ్గర మళ్లీ ఆగి తొంగిచూసి రెండో వరుస కూడా ఆగిందని రూఢి చేసుకున్నాకే కదలాలి. మీట నొక్కితే పసుపు దీపాలు మిణుకుమిణుకుమనే క్రాసింగుల్లో కూడా ఈ పద్ధతి తప్పదు. అవి హెచ్చరిక దీపాలే, ఎర్ర దీపాలు కావు.

దీనికి శాశ్వత పరిష్కారం వంతెన. యాష్‌బర్న్‌వాళ్లకు దగ్గరి ఉదాహరణ బెల్మాంట్ రిడ్జ్ రోడ్డు. ఆ రోడ్డును వెడల్పు చేసినప్పుడే ట్రైల్‌ను దాని మీదుగా వంతెనపైకి ఎక్కించారు, ఇప్పుడు అక్కడ పిల్లలు కార్లను చూడకుండానే దాటిపోతారు. రోడ్డు వెడల్పు చేస్తున్నప్పుడే వంతెన కూడా కట్టేస్తే తరవాత దాని కోసం విడిగా నిధులు వెతుక్కుంటూ ఏళ్లు గడపనక్కరలేదు. రెస్టన్ వైపు, స్టెర్లింగ్ వైపు రద్దీ క్రాసింగులను దాటినవారికి ఈ మాట నొక్కి చెప్పనవసరం లేదు. నేను దీనికి ఐదుకు నాలుగు చుక్కలే ఇవ్వడానికి ప్రధాన కారణం ఈ క్రాసింగులే.

రెండో కారణం వేగాల తేడా. సాధారణంగా తారు దారి వెడల్పు పది అడుగులు. ఇద్దరు పక్కపక్కన నడిస్తే నాలుగైదు అడుగులు పోతాయి. మిగిలిన దాంట్లో ఎదురుబొదురుగా రెండు సైకిళ్లు, ఒక కుక్క గొలుసు, ఒక పిల్లల బండి ఇమడాలి. ఈమధ్య మోటారు సైకిళ్లంత బరువైన ఎలక్ట్రిక్ బండ్లు కూడా వీటికి తోడయ్యాయి. వాటి మీద పదిహేనేళ్ల కుర్రాళ్లు దూసుకుపోతుంటే పక్కన నడిచే పెద్దావిడ గుండె ఝల్లుమంటుంది. రద్దీ మరీ ఎక్కువైన ఫాల్స్ చర్చ్‌లో దీనికి సరైన మందు వేశారు. సైకిళ్లకు పదకొండు అడుగులు, నడిచేవారికి ఎనిమిది అడుగులు కేటాయించి, మధ్యలో చిన్న విభజన పట్టీ ఉంచి రెండు దారులుగా విడగొట్టారు. అక్కడ నడిచి చూసి యాష్‌బర్న్ తిరిగి వచ్చాక శనివారం ఉదయపు గుంపులో నడవడం చిరాకు తెప్పిస్తుంది. వంద అడుగుల స్థలం ఉన్నచోట ఈ పని అసాధ్యం కాదు, డబ్బుతో కూడిన పని మాత్రమే.

అయితే తప్పంతా సైకిళ్లవాళ్లదే అనడం న్యాయం కాదు. మనవాళ్ల నడక గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఈ ట్రైల్ మీద నడిచేవారైనా సైకిలువారైనా కుడి పక్కనే వెళ్లాలి, దాటేవారు ఎడమ పక్క నుంచి దాటాలి. దాటేముందు గంట కొట్టడమో ‘ఆన్ యువర్ లెఫ్ట్’ అని కేకవేయడమో ఇక్కడి ఆచారం. ఆ కేకకు అర్థం ‘నేను మీ ఎడమ పక్క నుంచి వస్తున్నాను, మీరు ఉన్నచోటే ఉండండి’ అని. కొత్తగా వచ్చిన మన పెద్దవాళ్లు లెఫ్ట్ అన్నది వినగానే గబుక్కున ఎడమకు జరుగుతారు, సరిగ్గా సైకిలుకు అడ్డంగా. నలుగురు మామయ్యలు దారి వెడల్పంతా పరుచుకుని పెన్షను సంగతులు మాట్లాడుకుంటూ నడిచే దృశ్యం యాష్‌బర్న్‌లో ఏ ఆదివారమైనా చూడవచ్చు. ఇద్దరికి మించి పక్కపక్కన నడవవద్దని, వెనక నుంచి పిలుపు వినబడితే తిరిగి చూడకుండా కుడి అంచుకే అంటిపెట్టుకోమని మొదటి రోజే చెప్పాలి. ఆగి మాట్లాడాలనుకుంటే తారు దిగి గడ్డి మీదకు వెళ్లాలి. చెవుల్లో పెట్టుకున్న ఇయర్‌ఫోన్లలో ఒకటైనా తీసేయాలి.

చిన్న లోపాలు మరికొన్ని ఉన్నాయి. విద్యుత్ సంస్థ స్థలాన్ని అమ్మినా హై టెన్షన్ తీగలు మాత్రం చాలా దూరం ట్రైల్ వెంటే వెళతాయి. వాటి కింద చెట్లను పెరగనివ్వరు కనుక జులై మధ్యాహ్నం ఈ దారి నడకకు పనికిరాదు. ఉదయం ఎనిమిదిన్నర లోపే ముగించుకోవడం మంచిది. దారిలో చాలా భాగానికి దీపాలు లేవు, చలికాలంలో ఆఫీసు నుంచి సైకిలు మీద వచ్చేవారు ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర దీపం లేకుండా బయలుదేరకూడదు. మరుగుదొడ్లు, మంచినీళ్లు దూరదూరంగా ఉంటాయి. చక్కెర వ్యాధి ఉన్నవారు, చిన్నపిల్లలతో వెళ్లేవారు ముందే చూసుకుని బయలుదేరాలి.

కొత్తవారు ఎక్కడ మొదలుపెట్టాలి? పెద్దవాళ్లతో నడకకైతే యాష్‌బర్న్‌లోని ట్రైల్‌సైడ్ పార్క్ అనువైనది. కారు పెట్టుకోవడానికి చోటుంది, దారి దాదాపు చదును, పడమటికి వెళితే రాతి క్వారీని పైనుంచి చూసే చోటు కూడా వస్తుంది, మనవలు అక్కడి నుంచి కదలరు. సైకిలు బాగా వచ్చిన పిల్లలతోనైతే వియెన్నా నుంచి హెర్న్‌డన్ వెళ్లవచ్చు. రెండు చివరలా ఊరుంది, తిండి ఉంది, మధ్యలో నీడ ఉంది. కాకపోతే రెస్టన్ క్రాసింగుల దగ్గర పిల్లలను సైకిలు దింపి నడిపించాలి. గట్టిగా తొక్కగలిగినవారు లీస్‌బర్గ్‌లో మొదలుపెట్టి పర్సెల్‌విల్ వెళ్లి రావాలి. క్లార్క్స్ గ్యాప్ దాకా ఎక్కుడులో ఖర్చయిన బలమంతా తిరుగు ప్రయాణంలో పల్లం తిరిగి ఇచ్చేస్తుంది. అయితే ఆ పల్లంలో నడిచేవారు ఎదురైతే బ్రేకు మీద చెయ్యి ఉంచాల్సింది మీరే.