కేజ్ గుడ్డు, ఊక షెడ్డు గుడ్డు, ఇంటి కోడి గుడ్డు: కోడికి ఏది మేలు?

మా బావ షాద్‌నగర్ అవతల ఒక లేయర్ ఫారంలో (గుడ్ల కోళ్ళ ఫారం) సూపర్‌వైజర్ (షాద్‌నగర్ ఇప్పుడు రంగారెడ్డి జిల్లా అంటరు గానీ మాకు ఇంకా పాలమూరే). మొన్న ఎండకాలం పోయి చూసొచ్చినంక నాకు ఈ ముచ్చట మనసుల నుంచి పోతలేదు.

ఒక్కో కేజ్‌లో నాలుగు కోళ్ళు. జిరాక్స్ తీసే ఏ4 కాగితం 624 చదరపు సెంటీమీటర్లుంటది, కోడికి దక్కే జాగ 450 దరిదాపుల, అంటే కాగితమంత కూడా లేదు, రెక్క చాపుడు అయ్యే పని కాదు. అందులో ఒక కోడి ఉత్త జాలీ మీద కూసోని, మట్టిల పొర్లినట్టు రెక్కలు కొట్టుకుంటుంది, ముక్కుతోని ఏదో మీదికి లాక్కుంటుంది, కింద ఇసుమంత మట్టి లేదు. "పుట్టినకాడికెల్లి మట్టే చూడలే, దానికి ఏం తెలుస్తది" అన్నడు బావ. చూడని మట్టి కోసమే అంత కొట్లాడుతుంటే తెల్వదని ఎట్లంటవ్ బావా అన్న.

కేజ్‌తోని లాభం లేదంటలేను. రెట్ట కిందికి పడిపోతది కాబట్టి పేగులకొచ్చే కాక్సీ రోగం తక్కువ, గుడ్డు శుభ్రంగ దొర్లి ముందటికొస్తది, ఏడాదికి 300 గుడ్లు, అందుకే అగ్గువ. బళ్ళె పిల్లలకు, అంగన్‌వాడీల ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు గుడ్డు అందుతుందంటే ఈ అగ్గువ వల్లనే, అది చిన్న విషయం కాదు. కానీ అన్ని గుడ్ల పెంకులకు కాల్షియం ఎముకలకెల్లి కూడా గుంజుతది, నడక ఉండదు, ఏడాదిన్నరకు బ్యాచ్ అమ్మేటప్పుడు లారీకెక్కిస్తుంటే కాళ్ళు రెక్కలు విరుగుతయి. యూరోపియన్ యూనియన్‌లో ఇట్లాంటి ఉత్త కేజ్‌లు 2012 నుంచే బంద్. మన 1960 జంతు హింస నివారణ చట్టంల సెక్షన్ 11 కూడా కదలరాని బోనుల జీవాన్ని పెట్టుడు నేరమే అంటది, 2017ల లా కమిషన్ 269వ రిపోర్టు అచ్చంగ గుడ్ల కోళ్ళు, మాంసం కోళ్ళ మీదనే ఇచ్చింది, అయినా షెడ్లు అట్లనే నడుస్తున్నయి.

ఇగ మా అమ్మ కల్వకుర్తి దగ్గర ఊర్లె పెంచే తొమ్మిది పెట్టలు. పొద్దున గంప లేపితే పెంటకుప్ప మీదికి ఉరుకుతయి, మధ్యాహ్నం చింతచెట్టు కింద బూడిదల పొర్లుతయి, పొదుగుతయి. కోడికి దీన్ని మించిన బతుకు లేదు. అట్లని స్వర్గం కాదు, గద్ద తన్నుకపోతది, కుక్క పడతది, కొక్కెర రోగమొస్తే రెండు రోజుల్ల ఇల్లంత ఖాళీ, కోడిపిల్లలకు కంట్ల లసోటా (ఆ రోగం రాకుండ టీకా) చుక్కలు వేయిస్తలేరు చాలామంది. అంగడికి కాళ్ళు కట్టి తలకిందులుగ వేలాడదీసుకపోవుడు కూడా హింసే, అది మనమే మానుకోవాలె. నాటుపెట్ట ఏడాదికి అరవై డెబ్బై గుడ్లు పెడితే గొప్ప, రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థ వాళ్ళు తెచ్చిన గ్రామప్రియ రకం కోడి అంతకన్న మస్తు ఎక్కువ పెడతది గానీ బళ్ళన్నిటికీ ఇంటి గుడ్లు సరిపోవు.

అందుకే నా మాటైతే ఇండ్లల్ల ఇంటి కోడి, అమ్మకానికి ఊక షెడ్డు, అంటే కేజ్ లేకుండ నేల మీద ఊక పరిచిన షెడ్డు. ఊక షెడ్డుల కోడి నడుస్తది, గీకుతది, గూట్లెకు పోయి గుడ్డు పెడతది. ఖర్చు ఎక్కువ, ఊక తడిస్తే అమ్మోనియా వాసనకు మన కండ్లే మండుతయి, కోళ్ళు ఒకదాన్నొకటి పొడుచుకుంటయి, పని పెరుగుతది. హేచరీల మగ కోడిపిల్లల్ని పుట్టంగనే చంపుడు దీంతోని కూడా ఆగదు, అది వేరే కొట్లాట. కానీ ఊక షెడ్డు తిప్పలు మనిషి కష్టపడితే తగ్గే బాధలు, కేజ్‌ల బాధ కేజ్ ఉన్నన్ని రోజులు ఉంటది.

కొత్తగ ఫారం పెట్టేటోళ్ళు ఎవరన్న ఉంటే కేజ్‌లకు లోన్ తీసే ముందు ఒక్క షెడ్డు ఊకతోని పెట్టి చూడండి, వానాకాలంల మొదలుపెట్టకుండ ఎండల్ల పెట్టి, ఊక రెండు రోజులకోసారి తిరగేసి, కూసునేటందుకు అడ్డకట్టెలు, నాలుగైదు కోళ్ళకు ఒక గూడు పెట్టండి. బావ వాళ్ళ ఓనర్‌కు నేను ఇదే చెప్పిన, ఇంక ఒప్పుకోలే, మళ్ళ పోయి అడుగుత.