మా ఇంటి హోరికావా రోబో: యాభై ఏళ్ల వాడకం తర్వాత

మా మేనమామ ఖనిజం మోసే ఓడల్లో ఇంజను ఫిట్టరుగా పనిచేసేవారు. విశాఖపట్నం నుంచి ఇనుప ఖనిజం జపానుకు వెళ్తున్న రోజులవి. 1974లో ఒక ప్రయాణం ముగించుకుని వస్తూ యొకొహామాలో కొన్న రేకు రోబోను నా చేతిలో పెట్టారు. అప్పుడు నాకు ఆరేళ్లు. ఆ రోబో ఈ రోజుకీ నడుస్తోంది.

దాని పేరు ‘రొటేట్-ఓ-మేటిక్ సూపర్ ఆస్ట్రోనాట్’. తయారీ ముద్ర ఎస్.హెచ్., అంటే టోక్యోకు చెందిన హోరికావా సంస్థ. ఎత్తు దాదాపు 30 సెంటీమీటర్లు. శిరస్త్రాణం లోపల మనిషి ముఖం కనిపిస్తుంది కాబట్టి నిజానికి ఇది వ్యోమగామి. కానీ ఒళ్లంతా యంత్రంలా ఉండటంతో సేకరించేవాళ్లు దీన్నీ రోబోల్లోనే లెక్కిస్తారు. మా ఇంట్లోనూ మొదటి నుంచీ రోబో అనే పిలిచాం.

టార్చిలైటులో వేసే పెద్ద సెల్లు రెండు వేసి మీట నొక్కితే, ఒక్కో పాదాన్నీ నేల మీద జరుపుకుంటూ ముందుకు సాగుతుంది. కొంత దూరం వెళ్లి ఆగుతుంది. ఛాతీ మీది రెండు తలుపులు తెరుచుకుని తుపాకులు బయటికి వస్తాయి. దీపాలు వెలిగి ఆరుతుంటే టకటకమని చప్పుడు. అదే సమయంలో నడుము పైభాగమంతా గుండ్రంగా తిరుగుతుంది. తర్వాత తుపాకులు లోపలికి, తలుపులు మూత, మళ్లీ నడక. ఇందులో చిప్పు లేదు, ప్రోగ్రాము లేదు. ఒక చిన్న మోటారు తిరుగుతుంటే పళ్లచక్రాలే ఎప్పుడు నడవాలో, ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు తలుపు తీయాలో వరుసగా నిర్ణయిస్తాయి. ఆరేళ్ల వయసులో అది మాయ అనిపించింది. లోపల చూశాక గౌరవం ఇంకా పెరిగింది.

లోపల చూసింది 1991లో. తలుపులు సగంలో ఆగిపోతుంటే విప్పక తప్పలేదు. రేకు బొమ్మల్లో మరమేకులు తక్కువ. ఒక రేకు అంచున ఉండే సన్నని నాలుకను పక్క రేకులోని చీలికలో దూర్చి వంచుతారు, అంతే. ఆ నాలుకను రెండు మూడు సార్లకు మించి వంచితే విరిగిపోతుంది. అంటే ఒక బొమ్మను జీవితకాలంలో ఎన్నిసార్లు విప్పవచ్చో దాన్ని చేసినరోజే నిర్ణయమైపోయింది. చదునైన చిన్న స్క్రూడ్రైవరుతో, ఊపిరి బిగబట్టి, ఒక్కో నాలుకా లేపాను. లోపల పాత గ్రీజు గోధుమరంగు మైనంలా గట్టిపడి ఉంది. దాన్ని గీకి తీసి, కుట్టుమిషను నూనె ఒక్కో చుక్క వేశాను. ఆ తర్వాత ఇప్పటివరకు విప్పలేదు.

ఈ బొమ్మలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే వీటిని చూసే చూపు మారుతుంది. యుద్ధంలో ఓడిన జపానులో ముడిసరుకు లేదు. ఒత్సు పట్టణంలో కొసుగె మత్సుజో అనే బొమ్మల తయారీదారు అమెరికా సైనికులు పారేసిన ఆహారపు డబ్బాల రేకును సాపు చేసి చిన్న జీపులు చేశారు. 1945 డిసెంబరులో క్యోటోలోని ఒక పెద్ద అంగడిలో వాటిని 10 యెన్లకు అమ్మారు. అక్కడి నుంచి రేకు బొమ్మలు దేశానికి డాలర్లు తెచ్చే ఎగుమతి సరుకయ్యాయి. 1947 నుంచి 1952 వరకు ఎగుమతి వస్తువుల మీద ‘ఆక్రమిత జపానులో తయారైనది’ అనే ముద్ర కనిపిస్తుంది. ‘అటామిక్ రోబో మ్యాన్’ అనే కీ ఇచ్చే చిన్న రోబో ఆ కాలానిదే. దాని పెట్టె మీద అణుమేఘం బొమ్మ ఉంటుంది. బాంబు పడిన దేశమే ఆ చిత్రాన్ని అచ్చువేసి అమ్ముకోవలసి రావడం నన్ను ఎప్పుడూ కలచివేస్తుంది.

1950లలో సెల్లుతో నడిచే బొమ్మలు వచ్చాయి. 1956లో వచ్చిన ‘ఫర్బిడెన్ ప్లానెట్’ చిత్రంలోని రాబీ అనే రోబో పోలికతో నొమురా సంస్థ చేసిన బొమ్మకు మంచి పేరు వచ్చింది. యొనెజావా, మసుదాయా, ఆల్ప్స్, యోషియా ఇలా ఎన్నో సంస్థల పేర్లు. హోరికావా పేరు మీద అమ్ముడైన రోబోల తయారీలో మెటల్ హౌస్ అనే చిన్న సంస్థ హస్తం ఉంది. అంతరిక్ష పోటీ ఊపులో ఛాతీ తలుపులు తెరిచి తుపాకులు పేల్చే రోబోలు హోరికావా గుర్తుగా నిలిచిపోయాయి. వీటికి పెద్ద గిరాకీ అమెరికాలో. పెట్టెల మీద పేర్లు ఇంగ్లీషులో ఉండటానికి అదే కారణం. పుట్టింట్లో కంటే మెట్టినింట్లోనే ఇవి ఎక్కువగా మిగిలాయి. 1970లలో ప్లాస్టిక్కు చౌక అయింది, రేకు అంచులు పిల్లల చేతులు కోస్తాయన్న ఆందోళన పెరిగింది. 1974లోనే పొపీ సంస్థ ‘చోగోకిన్’ పేరుతో, టీవీ కార్టూన్ రోబో మజింగర్ జెడ్ బొమ్మను జింకు మిశ్రమలోహంతో చేసి తెచ్చింది. జపాను పిల్లల మనసు టీవీ రోబోల వైపు మళ్లింది.

ఇక ‘ఇది చాలా అరుదైనది కదా’ అని చాలామంది అడుగుతారు. కాదు. హోరికావా ఈ నమూనాను చిన్న చిన్న మార్పులతో ఏళ్ల తరబడి తయారుచేసింది. నిజంగా అరుదైనది చూడాలంటే మసుదాయా వారి అయిదు భారీ రోబోల్లో ఒకటైన ‘మెషీన్ మ్యాన్’ను చెప్పాలి. అది వేలానికి వస్తే సేకర్తలలో కలకలమే. నా దగ్గరున్న నమూనా దొరుకుతుంది. దొరకనిది, అన్ని భాగాలూ పుట్టినప్పటివే ఉండి, తుప్పు లేకుండా, వరుస తప్పకుండా పనిచేసే ప్రతి. పెట్టె కూడా ఉంటే ధర మరో మెట్టు ఎక్కుతుంది. మా పెట్టెలో అమ్మ దారపుండలు దాచేది. ఒక వానాకాలం చెమ్మకు అట్ట ఉబ్బి విడిపోయింది. దాని మూత మీది బొమ్మ మాత్రం కత్తిరించి దాచుకున్నాను.

ఈ తేడా నాకు డబ్బు పోగొట్టుకుంటేనే తెలిసింది. 2009లో విదేశీ అమ్మకందారు ఒకరి దగ్గర ఇదే రోబో రెండో ప్రతి కొన్నాను, అన్నీ అసలు భాగాలే అన్న మాట నమ్మి. వచ్చాక రెండింటినీ పక్కపక్కన పెట్టి తలుపులు తెరిచాను. నా దాని తలుపు లోపలివైపు రేకు మసకబారి, అక్కడక్కడ గోధుమ చుక్కలతో ఉంది. కొత్తదాని తలుపు లోపల అద్దంలా మెరుస్తోంది. పైన రంగు కూడా ఒక పిసరు ఎక్కువ నిగనిగ. తలుపులు ఎవరో తర్వాత చేసి అతికించినవి. అడిగితే జవాబు రాలేదు. ఆ రోబోను ఇప్పుడు విడిభాగాల కోసం ఉంచుకున్నాను.

విశాఖలో ఉప్పుగాలి రేకుకు శత్రువు. గాజు అలమారలో తేమ పీల్చే సిలికా పొట్లాలు పెట్టి, నెలకోసారి మారుస్తాను. సెల్లు లోపలే వదిలేయడం అంతకంటే పెద్ద ప్రమాదం. ఒకసారి నేనే మరిచిపోతే కారి, రాగి పలక మీద తెల్లని పొడి కట్టింది. పాత కార్బన్ సెల్లు కారితే వంటసోడా నీళ్లు, ఆల్కలైన్ సెల్లు కారితే వెనిగరు, దూది చుట్టిన పుల్లతో అద్ది తుడవాలి. రంగు మీద ఒక్క చుక్క కూడా పడకూడదు.

లోపాలూ ఉన్నాయి. నున్నటి గచ్చు మీద తప్ప నడవదు. చాప అంచు తగిలినా కాలు ఇరుక్కుని మోటారు మూలుగుతుంది. చప్పుడు ఎక్కువ. అంచులు పదును, పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. అందుకే మా మనవరాలికి చూపిస్తాను, చేతికివ్వను. రెండు నెలలకోసారి అయిదు నిమిషాలు నడిపి, సెల్లు తీసేసి పెడతాను.

కొనాలనుకునేవారు ఫోటోలు చూసి డబ్బు పంపకండి. నడక, ఆగడం, తలుపులు, దీపాలు, నడుము తిరగడం, మళ్లీ నడక, ఈ వరుస రెండుసార్లు పూర్తయ్యేలా వీడియో అడగండి. తలుపులు తెరుచుకున్న క్షణంలో ఆపి, వాటి లోపలివైపు చూడండి.