సీసీఎన్‌పీ: ఒకసారి రెన్యూవల్ కూడా అయ్యాక నా అభిప్రాయం

నెట్‌వర్క్ ఇంజనీర్లకు సిస్కో కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్ సీసీఎన్‌పీ ఎంటర్‌ప్రైజ్ నా చేతికొచ్చి చాలాకాలమైంది. మూడేళ్ల గడువు ముగిసేలోపు ఒకసారి రెన్యూవల్ కూడా చేయించుకున్నాను. “అన్నా, సీసీఎన్‌ఏ అయిపోయింది, దీనికి వెళ్లమంటారా?” అని, దీనికి కింది మెట్టయిన సీసీఎన్‌ఏ ముగించిన కుర్రవాళ్లు ఆఫీసులో అడిగితే నేను ఎదురు ప్రశ్న వేస్తాను: రోజూ రౌటర్లు, స్విచ్‌లు నీ చేతుల మీదుగా నడుస్తున్నాయా? లేదంటే ఇప్పుడే వద్దు. సీసీఎన్‌ఏ ఉండి తీరాలన్న నిబంధనను 2020లో ఎత్తేశారు కాబట్టి ఎవరైనా రాయవచ్చు. రాయవచ్చన్నంత మాత్రాన రాయాలని కాదు.

పరీక్షలు రెండు. అందరూ రాయాల్సిన ఎన్‌కోర్‌కు రెండు గంటల సమయం, ఫీజు 400 డాలర్లు. మనం ఎంచుకునే రెండోదానికి గంటన్నర, 300 డాలర్లు. పన్నులు అదనం. పరీక్ష తప్పితే ఫీజు మళ్లీ మొదటి నుంచి కట్టాల్సిందే.

ఎన్‌కోర్ నాకు అంతగా రుచించలేదు. ఎస్‌డీ-వాన్, పైథాన్, జేసన్ అంటూ అన్నింటినీ తడుముతుంది, దేంట్లోనూ లోతుకు దిగదు. కొన్ని అధ్యాయాలు సిస్కో ఉత్పత్తుల కరపత్రంలా ఉంటాయి. కాకపోతే దీని పై మెట్టయిన సీసీఐఈలో చేసి చూపే ల్యాబ్ పరీక్షకు అర్హత ఇచ్చేది ఇదే కనుక ఆ దారిలో వెళ్లేవారికి వృథా కాదు.

పెట్టిన డబ్బు రాబట్టింది నేను రెండో పరీక్షగా ఎంచుకున్న ఎనార్సీ. ఒక బ్రాంచి లింకులో, రౌటర్లు దారులు పంచుకునే ఓఎస్‌పీఎఫ్ ప్రోటోకాల్‌లో నైబర్ (అవతలి రౌటర్) పూర్తిగా కలవకుండా ఎక్స్‌స్టార్ట్ అనే దశ దగ్గరే ఆగిపోయింది. పింగ్ వెళ్తోంది, హలో ప్యాకెట్లు అందుతున్నాయి, ఏరియా నంబరూ సరిపోయింది. అందరూ సర్వీసు ప్రొవైడర్‌ను తప్పుబడుతున్నారు. ఒక్క ప్యాకెట్ గరిష్ఠంగా ఎంత ఉండవచ్చో చెప్పే ఎంటీయూ విలువ హలోలో ఉండదు, డేటాబేస్ వివరాలు పంపుకునే ప్యాకెట్‌లో ఉంటుంది. అవతలి ఎంటీయూ మనదానికన్నా పెద్దదైతే మన రౌటర్ ఆ ప్యాకెట్‌ను తోసిపుచ్చుతుంది. చూస్తే ఇటు 1500, అటు 9000. ఎంటీయూను పట్టించుకోవద్దని చెప్పే కమాండ్ ఒకటుంది, అది లక్షణాన్ని కప్పిపెడుతుందే తప్ప రోగాన్ని నయం చేయదు. రెండు వైపులా విలువ సమానం చేశాక నైబర్ పూర్తిగా కలిసే ఫుల్ దశకు వచ్చింది. కంప్యూటర్‌లోనే నెట్‌వర్క్ కట్టి చూసే ఈవ్-ఎన్‌జీలో ఇలాంటి తప్పులు కావాలని చేసి, డీబగ్ పెట్టి చూసిన అలవాటే ఆ రోజు పనికొచ్చింది.

డంపులు (బయటికి పొక్కిన పరీక్ష ప్రశ్నలు) బట్టీపట్టి పాసైనవాళ్లను ఇంటర్వ్యూల్లో ఇట్టే పోల్చవచ్చు. ఓఎస్‌పీఎఫ్, ఈఐజీఆర్‌పీ అనే మరో ప్రోటోకాల్ మధ్య రెండు చోట్ల రీడిస్ట్రిబ్యూషన్ (ఒకదాని దారులను రెండోదానికి ఇవ్వడం) బొమ్మ గీసి, లూప్ ఎలా ఆపుతావని అడిగితే చాలు. దారి ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తుపెట్టే రూట్ ట్యాగ్ మాటే వాళ్ల నోట రాదు. సర్టిఫికెట్ ఇంటర్వ్యూ పిలుపు వరకే తెస్తుంది, జీతం అమాంతం పెరుగుతుందనే కోచింగ్ ప్రకటనలను నేను నమ్మను.

పని మొత్తం క్లౌడ్‌లోనే ఉన్నవారు ఈ డబ్బును ఆ వైపు పరీక్షలకు పెట్టుకోవడం మేలు. రెన్యూవల్‌కు మళ్లీ పరీక్షే అక్కర్లేదు, కోర్సుల ద్వారా 80 క్రెడిట్లు కూడబెట్టినా సరిపోతుంది. అయితే ఆ కోర్సుల్లో చాలావాటికి విడిగా డబ్బు కట్టాలి. ఫీజు ఆఫీసే భరిస్తానంటే మంచిదే, సంతకం చేసే ముందు బాండు ఎన్నేళ్లో చదువుకోండి.