చిన్న రైలు పట్టాల సందులు: సాగే ముక్క, లోహపు తునక, ప్లాస్టిక్ బిళ్ల

ఎన్ స్కేలు అనే చిన్న నమూనా రైళ్లలో పట్టాల మధ్య వెడల్పు 9 మిల్లీమీటర్లే. అంత చిన్న బండికి ఒక మిల్లీమీటరు సందు కూడా పెద్దదే. తిన్నని దారిలో టక్కుమని దాటిపోతుంది. వంపులో అయితే చక్రం అంచు పట్టా మొనకు తగిలి పట్టాలు తప్పుతుంది. హైదరాబాదులో మేడమీది గదిలో ప్లైవుడ్ బల్ల మీద ఏళ్ల తరబడి రైళ్లు నడుపుతూ మూడు రకాల మందులు వాడాను. మూడూ పనికొచ్చేవే, కానీ ఒకదాని పని ఇంకొకటి చేయదు.

మొదటిది కాటో కంపెనీ యూనిట్రాక్‌లో, అంటే ఒకదానికొకటి తగిలించే రెడీమేడ్ పట్టాల ముక్కల్లో, దొరికే సాగే ముక్క. లాగితే 108 మిల్లీమీటర్లు, నెడితే 78. చాలామంది ఈ అంకెలు చూసి, 'నా సందు 15 మిల్లీమీటర్లే కదా, ఇదెందుకు' అని వదిలేస్తారు. దాన్ని వాడే తీరు వేరు. పక్కనున్న 64 మిల్లీమీటర్ల ముక్కను తీసేస్తే ఖాళీ 79 అవుతుంది, సాగే ముక్క సరిగ్గా కూర్చుంటుంది. సందు 5 మిల్లీమీటర్లయితే 45.5, 29 ముక్కలు రెండూ తీయాలి; మొత్తం 79.5. తీసినదీ సందూ కలిపి 78కీ 108కీ మధ్య ఉంటే చాలు. చుట్టు తిరిగి వచ్చిన దారి చివర కలవకపోతే ఇంతకన్నా హాయైన మార్గం నాకు కనబడలేదు. అయితే ఇది పొడవును సరిచేస్తుందే తప్ప వంకరను కాదు. రెండు కొసలూ ఒకే వరుసలో లేకపోతే దీన్ని ఇరికించి లాభం లేదు, వెనక్కి వెళ్లి వంపులనే సర్దాలి. జారే అతుకు ఏదైనా దుమ్ము పట్టేదే కాబట్టి దీనికి రెండు వైపులా కరెంటు తీగలు విడిగా ఇచ్చాను.

కావలసినట్టు వంచి కోసుకునే ఫ్లెక్స్ ట్రాక్‌లో ఒకటి రెండు మిల్లీమీటర్ల సందుకు లోహపు తునకే మేలు. అదే ఎత్తున్న పాత పట్టా నుంచి కాస్త పొడవుగా కోసి, ఆకురాయితో అరగదీస్తూ బిగుతుగా పట్టేదాకా తెచ్చి, రెండు పట్టాల కొసలను కలిపే లోహపు తొడుగు, జాయినర్‌లోకి దించి, బయటి వైపు నుంచి టంకం వేస్తాను. అటూ ఇటూ తడి దూది పెట్టకపోతే పట్టాల కింది ప్లాస్టిక్ స్లీపర్లు (అడ్డ దిమ్మెలు) కరుగుతాయి. ఆ తరువాత పై భాగం, లోపలి అంచు నునుపు చేసి గోటితో గీసి చూడాలి. గోరు ఆగితే చక్రమూ ఆగుతుంది. ఓపిక కావాలి, ఖర్చు మాత్రం దాదాపు లేదు. తునక పెట్టకుండా సందంతా టంకంతోనే నింపడం నాకు నచ్చదు. టంకం మెత్తన, ఆకురాయి పడగానే అక్కడ పల్లమవుతుంది.

అలాగని కనబడిన ప్రతి సందునూ పూడ్చకూడదు. నికెల్ సిల్వర్ (రాగి, నికెల్, జింకు కలిసిన లోహం) పట్టా రెండు మీటర్ల పొడవుంటే, 20 డిగ్రీల వేడి పెరిగినప్పుడు సుమారు 0.6 మిల్లీమీటర్లు సాగుతుంది. వానాకాలంలో చెక్క ఉబ్బడం వేరే లెక్క. అందుకే తిన్నని దారిలో అక్కడక్కడ అర మిల్లీమీటరు వదిలి, ఆ అతుకులకు టంకం వేయను. దానికి బోనసు, అసలు రైలు దారుల్లో 13 మీటర్ల పట్టాలను అతుకులతో వేసిన కాలపు టకటక చప్పుడు!

విద్యుత్తును విడదీయడానికి కావాలని కోసిన సందు సంగతి వేరు. ఎండాకాలంలో పట్టాలు సాగి ఆ రెండు కొసలూ ఆనుకుంటే షార్టవుతుంది, తప్పు ఎక్కడుందో వెతకడానికి మధ్యాహ్నమంతా పోతుంది. పలుచని స్టైరీన్ అనే ప్లాస్టిక్ బిళ్లను అందులో దూర్చి, సూపర్ గ్లూ ఒక్క చుక్క వేసి, ఆరాక పట్టా ఆకారానికి చెక్కుతాను. జిగురు ఎక్కువైతే పాయింట్ల (దారి రెండుగా చీలే చోట్ల) దగ్గర కదిలే పట్టాలు అతుక్కుపోతాయి కాబట్టి అక్కడ సూది మొనతోనే వేస్తాను. చివర మల్టీమీటరుతో రెండు వైపులా కలవలేదని చూసుకుని బండి వదులుతాను.